ప్లాటినం సరే, ఆ ప్లేట్ల సంగతేంటి?

సంపాదకులు గారికి నమస్కారం.

మా రాయగడకు మీ పేపర్ విజయనగరం వైపు నుంచి వస్తుంది. ఒక్కోరోజు ఎనిమిది దాటుతుంది, అయినా టీ చల్లారినా పర్వాలేదని దానికోసం కూర్చునే ఇళ్లు ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ కలిపి కొట్టేవాళ్లం మేం. ఆమధ్య ఒక ఆదివారం మీరు హైడ్రోజన్ మీద పేజీ నిండా వేశారు. చెన్నై ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీ‌లో 2025 జులైలో పరీక్షించిన హైడ్రోజన్ రైలు కోచ్, పూడిమడకలో రాబోయే హబ్, 19,744 కోట్ల గ్రీన్ హైడ్రోజన్ మిషన్, అన్నీ రాశారు. బావుంది, దాచుకున్నాను కూడా. కానీ అందులో రెండు మాటలు నాకు మింగుడు పడలేదు.

ఒకటి, ఫ్యూయల్ సెల్‌లో హైడ్రోజన్‌ని "మండించి" కరెంటు తీస్తారని రాశారు. మండించరండీ. మంటా ఉండదు, పొగా ఉండదు. మధ్యలో ఒక పల్చటి పొర ఉంటుంది, దానికి ఒక పక్క హైడ్రోజన్, ఇంకో పక్క గాలి. హైడ్రోజన్‌లోని ప్రోటాన్ ఆ పొరలోంచి అవతలికి పోతుంది, ఎలక్ట్రాన్‌కి ఆ దారి లేదు కాబట్టి బయట తీగలోంచి చుట్టూ తిరిగి వెళ్లాలి, ఆ తిరుగుడే మనకి కరెంటు. చివర్లో మిగిలేది నీళ్లు. రెండోది, ఖర్చంతా ఆ పొర మీద రసాయన చర్య జరిపించడానికి పూసే ప్లాటినంలోనే ఉందన్నట్టు రాశారు. ప్లాటినం ఖరీదే, కాదనను, కానీ సెల్‌లు పేర్చి బిగించిన కట్ట, అంటే ఫ్యూయల్ సెల్ స్టాక్‌ని విప్పి తూకం వేస్తే ఎక్కువ బరువు తూగేది ప్లేట్లు. బైపోలార్ ప్లేట్లు అంటారు. ఖర్చులోనూ వాటి వాటా చిన్నదేం కాదు. మీ పేజీలో వాటి పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఆ ప్లేట్లు దేంతో చేస్తారో తెలిస్తే, మా జిల్లాల్లో ఉండే తెలుగువాడెవడైనా ఉలిక్కిపడతాడు. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

నేను ఇంజినీరును కాను. ముప్పై ఏళ్లుగా ఒక చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మిషన్, ఒక పాత పవర్ ప్రెస్, అంతే. చుట్టుపక్కల మిల్లులకు షాఫ్టులు, బుష్‌లు చేసిస్తుంటాం. మా చెల్లెలి కూతురు బీటెక్ చివరి ఏడు చదువుతూ, ప్రాజెక్టుకి చిన్న ఫ్యూయల్ సెల్ చేస్తానని ఒకరోజు మా షాపుకొచ్చింది. చేతిలో పేపర్లో చుట్టిన నల్లటి పలక, ఇంకో చేతిలో డ్రాయింగ్. "మావయ్యా, దీని మీద పాములా మెలికలు తిరిగే కాలువ తియ్యాలి, ఒక మిల్లీమీటరు వెడల్పు, ఒక మిల్లీమీటరు లోతు, రెండు పలకలకి" అంది. ఓస్ అంతేనా అనుకున్నాను. గ్రాఫైట్ కదా, పెన్సిల్ ముక్కంత మెత్తన, కట్టర్ వెన్నలో దిగినట్టు దిగుతుంది.

దిగడం దిగింది. కూలెంట్ పొయ్యొద్దంది, గ్రాఫైట్‌లో కంటికి కనపడని చిల్లులుంటాయట, నూనె పీల్చుకుంటే ఇక ఆ పలక సెల్‌కి పనికిరాదట. సరేనని పొడిగానే కోశాం. అరగంటకల్లా షాపంతా నల్లటి పొడి. మా మిషన్ మీద ఇరవై ఏళ్లుగా పనిచేసే ఒడియా పెద్దాయన ముఖంలో కళ్లు తప్ప ఇంకేం తెల్లగా లేవు. ఆ పొడి ఊరికే ఉంటుందా, గ్రాఫైట్ అంటేనే కరెంటు పోనిచ్చేది, స్టార్టర్ డబ్బాలో దూరి కాంటాక్టర్ల మధ్య కూర్చుంది, ఫట్‌మని పేలి మొత్తం ట్రిప్ అయింది. తప్పు నాదే, డబ్బాకి గుడ్డ కట్టి, పక్కన వాక్యూమ్ పెట్టుకోవాలని తట్టలేదు. స్టార్టర్ మార్చి మళ్లీ మొదలెడితే ఆఖరి మెలిక దగ్గర పలక టిక్కుమని రెండు ముక్కలైంది. పెద్దాయన ఆ ముక్కలు చేతిలో పట్టుకుని "ఆజ్ఞా, ఇది రాయి కాదు, అప్పడం" అన్నాడు. రెండోదీ పోయింది. ఒక్కో పలకకి దగ్గర దగ్గర రెండు గంటలు పట్టి, మొత్తానికి నాలుగు పలకల్లో రెండు దక్కాయి.

ఇక్కడే అసలు సంగతి మొదలైంది. ఒక సెల్ ఎంత బాగా చేసినా పని చేయిస్తున్నప్పుడు ఇచ్చేది 0.6, 0.7 వోల్టు. లెక్క ప్రకారం 1.23 రావాలి, రాదు. అంటే కారు నడవాలంటే వందల సెల్‌లు కావాలి. ఇడ్లీ పాత్రలో రేకులు పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి పేర్చి బిగిస్తారు. ఒక సెల్‌కీ పక్క సెల్‌కీ మధ్య ఉండే రేకే ఈ బైపోలార్ ప్లేటు. దాని ఒక ముఖం ఈ సెల్ హైడ్రోజన్ పక్క, రెండో ముఖం పై సెల్ గాలి పక్క, అందుకే రెండు ధ్రువాలని పేరు. పేరు చిన్నదే గానీ చాకిరీ పెద్దది. రెండు వాయువులూ కలవకుండా ఆపాలి, కరెంటుని మాత్రం ఆపకూడదు, వరి మడికి బోదె తీసినట్టు గ్యాసుని మూలమూలకీ అందించాలి, పుట్టిన నీళ్లు ఎక్కడా అడ్డం పడకుండా బయటికి నెట్టాలి, వేడి లాగెయ్యాలి, పైనుంచి బిగించే ఒత్తిడికి తట్టుకోవాలి. ఇదంతా 80 డిగ్రీల వేడిలో, మధ్య పొర నుంచి వచ్చే ఆమ్లం తడిలో, ఏళ్ల తరబడి. ఇన్ని పనులు ఒక్కడి మీద పెట్టిన ఉద్యోగం నేనైతే ఎక్కడా చూడలేదు, ఇంటి ఆడవాళ్లకి తప్ప.

గ్రాఫైట్ ఈ పనికి పుట్టిందే. కరెంటుకి అడ్డం రాదు, ఆమ్లానికి చెక్కుచెదరదు. కానీ పెళుసు, దళసరిగా ఉండాలి, ఆ చిల్లుల్లోంచి హైడ్రోజన్ కారిపోకుండా రెజిన్ ఎక్కించాలి, పైగా కోతకి గంటలు. కార్లకి లక్షల ప్లేట్లు కావాలంటే ఈ లెక్కన ఎవడూ కొయ్యలేడు.

దాంతో మా మేనకోడలు స్టెయిన్‌లెస్ స్టీల్ వైపు తిరిగింది. 316 ఎల్ రకం, దాంట్లో క్రోమియం 16 నుంచి 18 శాతం, నికెల్ ఉంటుంది, కొంచెం మాలిబ్డినమ్ ఉంటుంది. పదో వంతు మిల్లీమీటరు రేకు తెచ్చింది. పేపర్ కాగితం కన్నా కాస్త దళసరి, అంతే. డై నేనే చేశాను, గర్వంగానే చెప్పుకుంటున్నాను. పాత ప్రెస్ మీద కొడితే సగం రేకులు కాలువ మూలల్లో చిరిగాయి, చిరగనివి తమలపాకులా వంగి కూర్చున్నాయి. అచ్చులోంచి బయటికి రాగానే స్టీల్ కొంత వెనక్కి లేస్తుంది, ఎంత లేస్తుందో ముందే లెక్కేసి డైలో అంత ఎక్కువ ఇవ్వాలి. అదే అసలు విద్య. ఒక ప్లేటు మందంలో నూరో వంతు మిల్లీమీటరు తేడా వస్తే ఏముందిలే అనిపిస్తుంది. టొయోటా వాళ్ల హైడ్రోజన్ కారు మిరాయి రెండో మోడల్ స్టాక్‌లో 330 సెల్‌లు. ఆ తేడా అన్నిట్లో ఒకే వైపుకి ఉంటే పైకెళ్లేసరికి మూడు మిల్లీమీటర్లు దాటుతుంది, ఇక సీల్ ఎక్కడ కూర్చుంటుంది?

సరే, ఒక జత బాగా వచ్చింది. గ్రాఫైట్ ప్లేట్లతో పిల్లల బొమ్మ మోటారు చక్కగా తిరిగింది. స్టీల్ ప్లేట్లతో మొదటి రోజే కాస్త నీరసంగా తిరిగింది, ఎనిమిదో రోజుకి మూలగడం మొదలెట్టింది. తుప్పు పట్టిందేమో అని విప్పి చూస్తే ప్లేటు కొత్త గిన్నెలా తళతళ మెరుస్తోంది! నాకు అర్థం కాలేదు. "ఏటి మావయ్యా, మెరుస్తోందంటేనే కదా అనుమానించాలి" అని మేనకోడలు నాకు పాఠం చెప్పింది. స్టెయిన్‌లెస్ స్టీల్‌కి తుప్పు పట్టకుండా కాపాడేది దాని ఒంటి మీద తనంతట తాను ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర. వంటింట్లో అది దేవుడు. ఫ్యూయల్ సెల్‌లో ఆ పొరే కరెంటుకి అడ్డం కూర్చుంటుంది, ఆమ్లంలో ఉన్నకొద్దీ ఇంకా ముదురుతుంది. అమెరికా ఇంధన శాఖ పెట్టుకున్న లక్ష్యం ప్రకారం ఈ అడ్డు చదరపు సెంటీమీటరుకి 10 మిల్లీఓమ్‌ల లోపుండాలి, పూత లేని స్టీల్‌కి అది పది రెట్లు పైనే ఉండొచ్చు. చదరపు సెంటీమీటరుకి ఒక ఆంపియర్ తీస్తే 100 మిల్లీఓమ్‌ల దగ్గర పోయేది 0.1 వోల్టు. సెల్ ఇచ్చేదే 0.65 అయితే అందులో 0.1 గేటు దగ్గరే లంచం పోయినట్టు. ఇది చాలదన్నట్టు స్టీల్‌లోంచి ఇనుము, క్రోమియం, నికెల్ కొద్దికొద్దిగా కరిగి మధ్య పొరలో చేరి ప్రోటాన్లు కూర్చోవాల్సిన చోట్లు ఆక్రమిస్తాయి. మా ప్రాజెక్టులో అన్నిటికన్నా ఖరీదైనది ఆ పొర ముక్కే, అది అలా పాడయింది.

దీనికి మందు పూత. మొదట్లో బంగారం పూత కూడా వేసి చూశారు, పనిచేస్తుంది, కానీ ధర ఎవరు భరిస్తారు. ఇప్పుడు టైటానియం నైట్రైడ్, క్రోమియం నైట్రైడ్, లేదా కార్బన్ పూత. టైటానియం నైట్రైడ్ అంటే కొత్త వస్తువేం కాదు, మేం కొనే డ్రిల్ బిట్ల మీద బంగారు రంగులో మెరిసేది అదే. బిట్ మీద పూతకి సూది మొనంత చిల్లు ఉంటే బిట్‌కేం కాదు, ప్లేటు మీద ఉంటే అక్కడి నుంచే తినడం మొదలవుతుంది. కొంతమంది అల్యూమినియం అయితే తేలిక కదా అంటారు. అల్యూమినియం అంటే దమన్‌జోడిలోని నాల్కో అల్యూమినా ఫ్యాక్టరీ గుర్తొచ్చి మా వాళ్లకి ఛాతీ ఉప్పొంగుతుంది గానీ, ఆ ఆమ్లంలో అది చాలా త్వరగా పాడవుతుంది, పూతలో చిన్న లోపం ఉన్నా అయిపోయినట్టే. ఆ ఆశ నేను పెట్టుకోలేదు.

ఇక టైటానియం. మిరాయిలో వాడింది అదే, 2014 మోడల్‌లో, 2020 తర్వాతి దాంట్లోనూ. స్టీల్‌లో సగం బరువుకి కాస్త ఎక్కువ, ఆమ్లానికి గట్టిది, కరిగినా పొరకి అంత విషం కాదు. దానికీ పైన ఆక్సైడ్ పొర కడుతుంది కాబట్టి కార్బన్ పూత తప్పదు. ధర మాత్రం చుక్కల్లో.

ఇప్పుడు చూడండి సంపాదకులు గారూ. గ్రాఫైట్, క్రోమియం, టైటానియం. ఈ మూడూ ఎక్కడున్నాయి?

గ్రాఫైట్ మా కాళ్ల కింద ఉంది. రాయగడ, కొరాపుట్, కలహండి, బొలంగీర్, ఈ కొండల రాయినే ఖొండలైట్ అంటారు, ఇక్కడి కోందు గిరిజనుల పేరు మీదే పెట్టారు, దాంట్లో గ్రాఫైట్ రేకులు రేకులుగా మెరుస్తుంది. చిన్నప్పుడు ఆ రాళ్లు గోడల మీద గీసి చేతులు నల్లగా చేసుకుని అమ్మ చేత తన్నులు తిన్నవాళ్లం. క్రోమియం సంగతికొస్తే, దేశంలో దాని ఖనిజం క్రోమైట్ 90 శాతానికి పైగా ఒడిశాలోనే ఉంది, గనులు సుకిందాలో అయినా ఇనుము, క్రోమియం కలిసిన ఫెర్రోక్రోమ్ కాచే కొలిమి మా జిల్లా తేరుబలిలో ఉంది. రైల్లో వెళ్తుంటే కనపడుతుంది. అది లేకుండా స్టెయిన్‌లెస్ లేదు. టైటానియం ఖనిజమైన ఇల్మెనైట్ గంజాం జిల్లా ఛత్రపురం ఇసుకలో ఉంది, బరంపురం నుంచి ఎంతో దూరం కాదు, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వాళ్లు అక్కడే ఇసుకలోంచి వేరు చేస్తారు. ఒక్క వస్తువు చెయ్యడానికి ప్రపంచమంతా కొట్టుకునే మూడు పదార్థాలూ మా ఒడిశాలోనే, మా రాయగడలోనూ గంజాంలోనూ మీ పేపర్ చదివే తెలుగువాళ్లు. గ్రాఫైట్‌నీ టైటానియాన్నీ 2023లో కేంద్రం 30 కీలక ఖనిజాల జాబితాలో పెట్టింది. అదే ఏడాది డిసెంబరు నుంచి చైనా గ్రాఫైట్ ఎగుమతికి పర్మిట్లు పెట్టింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు మనం ప్లేట్లు ఎక్కడ దొరుకుతాయా అని బయటికి చూస్తున్నాం.

అలాగని కొండలు తవ్వేద్దాం రండి అని నేననడం లేదు. నియమగిరిలో బాక్సైట్ గనిని 2013లో 12 గ్రామసభలు వద్దన్నాయి, వాళ్ల మాటకి విలువుంది, ఉండాలి. నేను చెప్పేది ఇప్పటికే లారీల్లో, గూడ్సు రైళ్లలో వెళ్లిపోతున్న దాని గురించి. మీరే లెక్కెయ్యండి, ముప్పై సెంటీమీటర్లు పొడుగు, పది వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం గ్రాఫైట్ ప్లేటు సుమారు 115 గ్రాములు. నాలుగొందల ప్లేట్లు కలిపినా యాభై కిలోలకి లోపే. కొండ కావాలా దీనికి? విలువంతా చేతి పనిలో ఉంది.

ఆ చేతి పని మా బోటి వాళ్లకి అందనిదేం కాదు. నేను చేసినట్టు పలక కొయ్యడం పాత పద్ధతి. గ్రాఫైట్ పొడిలో ఫినాలిక్ రెజిన్ లాంటిది కలిపి, కాలువల అచ్చున్న వేడి ప్రెస్‌లో పెట్టి నొక్కితే కాలువలతో సహా ప్లేటు నిమిషాల్లో వస్తుంది. రబ్బరు వాషర్లు అచ్చుపోసేవాడికి ఈ పని కొత్తగా ఉండదు. మెలకువలు ఉన్నాయి, రెజిన్ ఎక్కువైతే కరెంటు తగ్గుతుంది, తక్కువైతే గ్యాసు కారుతుంది, నొక్కినప్పుడు గ్రాఫైట్ రేకులన్నీ పడుకుంటే అడ్డంగా కరెంటు బాగా పోయి నిలువుగా మొరాయిస్తుంది, మనకి కావాల్సింది నిలువుగా. ఇంకో దారి ఉంది, అది నాకు మరీ నచ్చింది. గ్రాఫైట్ రేకుల్ని ఆమ్లంలో నానబెట్టి ఒక్కసారి గట్టి వేడి తగిలిస్తే వేడి ఇసుకలో పేలాలు పేలినట్టు పొంగుతాయి, అసలు పరిమాణానికి వందల రెట్లు. ఆ పొంగిన దూదిని జిగురు లేకుండానే నొక్కితే వంగే పలక అవుతుంది, టిక్కుమని విరగదు. మా పెద్దాయనకి ఈ సంగతి చెబితే "అయితే ముందే ఎందుకు చెప్పలేదు" అన్నాడు.

కార్లతో మొదలెట్టాలని ఎవరికి రాసిపెట్టి ఉంది? కారుకి బరువు, చోటు ముఖ్యం, అక్కడ పల్చటి లోహం ప్లేటే గెలుస్తుంది. కారు స్టాక్ 8,000 గంటలు నడిస్తే చాలన్నది అమెరికా వాళ్ల లక్ష్యం, పెద్ద లారీలకి 25,000 గంటలు కావాలంటారు. అన్ని గంటలు తుప్పు లేకుండా నిలబడ్డంలో గ్రాఫైట్‌ది పై చెయ్యి. కదలకుండా ఒకచోట కూర్చునే యంత్రానికైతే బరువు గొడవే లేదు. మా ఏజెన్సీ కొండల మీద సెల్ టవర్లకి డీజిల్ డబ్బాలు జీపుల్లో మోస్తుంటారు, వానాకాలం దారి తెగితే ఫోన్లు మూగబోతాయి. అలాంటి చోట పెట్టే చిన్న ఫ్యూయల్ సెల్‌కి గ్రాఫైట్ రెజిన్ ప్లేటు చాలు. అక్కడికీ హైడ్రోజన్ సిలిండరు ఎవడో మొయ్యాలి కదా అని మా బావమరిది అడిగాడు, న్యాయమైన ప్రశ్నే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ప్లేటు సంగతి మాత్రం నాకు తెలుసు.

అందుకే మీకు నా విన్నపం. ఈసారి హైడ్రోజన్ మీద రాసేటప్పుడు ఎన్ని లక్షల కోట్ల పెట్టుబడి అన్న అంకె పక్కన, ప్లేటు ఎవరు చేస్తారన్న ప్రశ్న కూడా వెయ్యండి. చెన్నైలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ వాళ్ల ఫ్యూయల్ సెల్ కేంద్రం ఉంది, దాని పెద్దాఫీసు హైదరాబాద్‌లోనే. కేరళ చవరలో 2011 నుంచి టైటానియం స్పాంజ్ చేస్తున్నారంటే ఆ విద్య హైదరాబాద్‌లోని రక్షణ శాఖ ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్‌ది. అంటే చదువు అక్కడుంది, సరుకు ఇక్కడుంది. మధ్యలో ఉండాల్సింది ఒక వేడి ప్రెస్, ఒక మంచి డై, ప్లేటు మందం, గ్యాసు లీకు, అడ్డు కొలిచే ఒక బల్ల. ఇవి మా దగ్గర ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో ఒక్కదాంట్లో పెట్టినా చాలు, మా పిల్లలు మిగతాది చూసుకుంటారు. మా మేనకోడలు చదివే చోట హైడ్రోజన్ దినోత్సవం చేసి గోడ మీద ఆకుపచ్చ పోస్టర్లు అంటించారు, ప్లేటు అడ్డు కొలవడానికి సరైన మీటరు మాత్రం లేక పిల్ల నా మల్టీమీటరు పట్టుకెళ్లింది. అది ఇంకా తిరిగి రాలేదు.

"మండించి" అన్న మాట మాత్రం సవరణ వెయ్యండి, స్కూలు పిల్లలు మీ పేజీ కత్తిరించి నోట్సులో అంటించుకుంటారు. మీ విలేకరి ఎవరైనా రాయగడ వస్తే మా షాపుకి పంపండి. విరిగిన గ్రాఫైట్ పలకా, తళతళలాడే ఆ స్టీల్ ప్లేటూ రెండూ ఒకే అరలో ఉంచాను, చేతుల్లో పెడతాను. తెల్ల చొక్కా మాత్రం వేసుకు రావద్దని చెప్పండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
రాయగడ, ఒడిశా